చేతుల మాటకు ఎన్ని జీబీలు

నాకు మూడు సంగతులు చెప్పండి చాలు. ఇంట్లో ఎంతమంది ఉంటారు, వంట ఎంతసేపు చేస్తారు, దూరాన ఉన్నవాళ్లలో ఎవరి మీద బెంగ ఎక్కువ. మీ ఇంటికి నెలకి ఎన్ని జీబీల డేటా కావాలో నేను చెప్పేస్తాను. పది పాళ్లలో ఒక పాలు కంటే ఎక్కువ తేడా వస్తే నా పేరు మంగవేణి కాదు. గొప్పలు పోతోందనుకుంటే అనుకోండి. వచ్చిన విద్య చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

సముద్రం అడుగున కేబుళ్లు తెగిన ఏడాది నుంచి మా విజయనగరం జిల్లాలో డేటాకి కూడా కోటా వచ్చింది కదా. ఇంటికి నలభై జీబీ. ఆసుపత్రులకీ బడులకీ మిగిలినదే దిక్కు. అందుకని ఏ ఇంటికి నిజంగా ఎంత కావాలో ముందే అంచనా కట్టే మనుషులు అవసరమయ్యారు. పద్దెనిమిదేళ్లు కేబుల్ ఆఫీసులో ఫోనెత్తి జనం తిట్లు తిన్నదాన్ని, ఎవరి ఇంట్లో ఏం నడుస్తుందో నాకు కంఠతా వచ్చు. ఆ పని నాకే ఇచ్చారు.

ఏ ఇంటికి వెళ్లినా మొదటి మాట ఒక్కటే. "మేం వీడియోలు పెద్దగా చూడమండీ."

"మరి ఆ పోపుల డబ్బాకి ఆనించిన ఫోన్ ఎవరిదమ్మా?"

"అదా, అది వంట చేసేటప్పుడే కదండీ."

"వంట ఎంతసేపు?"

"గంటన్నర."

"దానికే నెలకి ముప్ఫై జీబీ అవుతుంది తల్లీ," అంటే నోరు వెళ్లబెడతారు. వీడియో కాల్ అయితే గంటకి సుమారు తొమ్మిది వందల ఎంబీ. కొత్త కోడలున్న ఇంట్లో పుట్టింటి కాల్ నలభై నిమిషాలు. పురిటి పాప ఉన్న ఇంట్లో గంటన్నర, పాప నిద్రపోతున్నా కెమెరా తియ్యరు. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ ఉండవు.

విశాఖపట్నం రుషికొండలో ప్రయోగశాల నడుపుతున్న డాక్టర్ హయగ్రీవ గారు నన్ను వెతుక్కుంటూ వచ్చింది అందుకే. ఆయన కంప్యూటర్ వేసిన అంచనాలు మూడో వంతు తప్పుతున్నాయి, నావి తప్పడం లేదు. "మేడం, మీరు ఏ సూత్రం వాడతారు?" అని అడిగారు.

"కూర ఏం వండారో అడుగుతానండి," అన్నాను. ఆయన అది కూడా నోట్‌బుక్‌లో రాసుకున్నారు. అప్పుడే ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

ఆయన కనిపెట్టిన పెట్టె పేరు 'పోలిక'. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. నన్ను మూడు రోజులు దాని ఎదుట కూర్చోబెట్టి కబుర్లు చెప్పించారు. నాలుగో రోజు నన్ను పక్క గదిలోకి పంపి, అక్కడి నుంచి వీడియో కాల్ చెయ్యమన్నారు. తరవాత ఆ కాల్ ఇవతల ఎలా కనబడిందో వేసి చూపించారు. తెరమీద నేనే. అదే బొట్టు, మాట్లాడేటప్పుడు ఎడమ కనుబొమ ఎత్తడం కూడా అదే. పక్కన మీటరు చూశాను. గంటకి పన్నెండు ఎంబీ.

"ఇదెలా కుదురుతుందండీ?"

"మీ ముఖం రావడం లేదండి. మీ గొంతు, దాని వెంట కనుబొమలూ పెదవుల గురించి నాలుగు సూచనలు, అంతే వస్తున్నాయి. మిగతాదంతా ఈ పెట్టె మీ పోలిక గుర్తుపెట్టుకుని గీస్తోంది."

"నేను మాట్లాడకుండా కూర్చుంటే?"

"అవతలివాళ్లు చెప్పేది వింటున్నారని అనుకుంటుంది. విన్నట్టే గీస్తుంది. మధ్యమధ్య తల కూడా ఊపుతుంది."

నాకు నవ్వొచ్చింది. మా ఇంటాయన చేసేదీ అదే, దానికి ఇంత యంత్రం ఎందుకని డాక్టరు గారితో అన్నాను కూడా.

పరీక్షకి రెండు వందల పన్నెండు ఇళ్లు ఎంచుకున్నారు. వాళ్లు రోజూ కాల్ చేసే అవతలి ఇళ్లలోనూ ఒక్కో పెట్టె పెట్టారు. ఒక్కో ఇంటికీ ముందు అంచనా నేను వెయ్యాలి. అందులో మా జూట్ మిల్లు కాలనీ ఇళ్లు పంతొమ్మిది. నేను పుట్టి పెరిగింది అక్కడే, మా అమ్మ సన్యాసమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది.

మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. కానీ అందులో నూలు వడికే షెడ్డులో పనిచేసినవాళ్ల గురించి ఒకటి చెప్పాలి. ఆ షెడ్డులో యంత్రాలు తిరుగుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినబడదు. అందుకని అక్కడి ఆడవాళ్లు చేతులతో మాట్లాడుకునేవారు. సైగలంటే ఏదో నీళ్లు కావాలి, అన్నం తిన్నావా అనేపాటి సైగలు కావు. మీసం దువ్వినట్టు రెండు వేళ్లు తిప్పితే సూపర్‌వైజరు వస్తున్నాడని. మోచేతి మీద తడితే ఎర్నమ్మ. ముక్కుపుడక తాకితే మా అమ్మ. నిన్న కోడలు ఏమన్నది, దానికి నేనేమన్నాను, నువ్వయితే ఏమనేదానివి, ఇంత కథా ఒక్క నూలు కండె నిండేలోపు ముగించేవారు. అమ్మా, ఎర్నమ్మ పిన్నీ ఎదురెదురు యంత్రాల దగ్గర ఇరవై రెండేళ్లు నిలబడ్డారు. ఆ చప్పుడుకి ఇద్దరి చెవులూ పోయాయి. అమ్మ నోటితో మాట్లాడగలదు గానీ వినలేదు. పిన్నీ అంతే. పిన్ని ఇప్పుడు పర్లాకిమిడిలో కూతురు వరహాలమ్మ దగ్గర ఉంటోంది. వాళ్లిద్దరూ రోజూ పొద్దున్న వీడియో కాల్‌లో, సౌండ్ కట్టేసి, రెండు చేతులతో గంటసేపు మాట్లాడుకుంటారు. చదువు లేదు, రాసుకోలేరు. వాళ్ల మధ్య ఉన్న దారి అదొక్కటే.

ఫారంలో 'కాల్‌లో మాట పాలు' అని ఒక గడి ఉంది, కాల్లో మాట ఎంత వంతో ఆ అంకె చూసి పెట్టెని సరిచేస్తారు. సౌండ్ లేని కాల్ అని నాకు అలవాటుగా తెలుసు, గొంతు డేటా కూడా ఆదా అని లోపల ఒక మురిపెం. అమ్మ ఇంటికి సున్నా వేశాను. మిల్లు కాలనీలో అలాగే చేతులతో మాట్లాడుకునే పంతొమ్మిది ఇళ్లకీ సున్నాలే వేశాను. వేసి, తరవాతి వీధికి వెళ్లిపోయాను.

మూడు వారాలకి ఫలితాలు వచ్చాయి. రెండు వందల పన్నెండు ఇళ్లలో ఒక్కటీ నా అంచనా దాటలేదు. మిగిలిన డేటాతో గజపతినగరం వైపు ఆసుపత్రిలో గుండె డాక్టరు పట్నం నుంచే రోగుల్ని చూడడం మొదలుపెట్టాడు. హయగ్రీవ గారు అందరి ఎదుటా లేచి నిలబడి, "ఈ పని సగం మంగవేణి గారిది," అన్నారు. ఆ రోజు నా కాళ్లు నేలమీద ఆనలేదు. స్వీట్లు కొనుక్కుని తిన్నగా అమ్మ దగ్గరికే వెళ్లాను.

అమ్మ స్వీటు ముట్టలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భుజం తట్టి, ఏమైందని చేత్తో అడిగాను.

"ఆ ఎర్నికి నాతో పనేటి ఇంక?" అంది పెద్ద గొంతుతో. "నేను సేతులు నొప్పెట్టీలాగ సెప్తాను. అది బొమ్మలాగ కూకుని తలకాయ ఊపుతాది. ఆపరేషన్ ఎప్పుడే అని అడిగినాను. నవ్వినాది. ఇంక నేను సెయ్యను దానికి ఫోను."

"ఎప్పటి నుంచి ఇలాగ?"

"పెట్టె ఎట్టినాక మూడు దినాలు బాగానే మాటాడినాది. నాలుగో నాటి కాడ్నించి ఇదే వరస. మేడింట్లో కూకుంది కదా, పెద్దదైపోనాది."

నాలుగో నాడు అన్న మాట నా చెవిలో పడింది. పడినా బుర్రకెక్కలేదు. ముసలివాళ్ల అలకలే అనుకుని స్వీట్ల పొట్లం అక్కడ పెట్టి వచ్చేశాను.

రెండు రోజుల తరవాత వరహాలమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, ఏటనుకోకు. మీ అమ్మ మా అమ్మని ఇంత అవమానం సేస్తాదని నేననుకోలేదు."

"ఏం చేసిందే?"

"కంటి ఆపరేషనుకి తోడు రమ్మని మా అమ్మ మూడుసార్లు పిలిచింది. మీ అమ్మ మూడుసార్లూ తలూపింది. ఆ నాడు మా అమ్మ ఆసుపత్రి గుమ్మం కాడ పది గంటల దాకా కూకుంది. సన్యాసి వస్తాది, వచ్చీదాకా లోపలికి రానంది. డాక్టరమ్మ కసిరితే అప్పుడెల్లింది. కట్టు ఇప్పినాక కూడా మీ అమ్మ పేరెత్తనియ్యట్లేదు."

అప్పుడు ఆ నాలుగో నాటి మాట బుర్రకెక్కింది. మనిషి పోలిక నేర్చుకోవడానికి పెట్టెకి పట్టేది మూడు రోజులు. వరహాలమ్మని ఫోన్ పట్టుకునే ఉండమని, ఇంకో ఫోన్‌లో పోలిక పెట్టె మీదుగా ఆమెకి వీడియో కాల్ చేశాను. సౌండ్ కట్టేశాను.

"ఇప్పుడు నేనేం చేస్తున్నానో చూసి చెప్పు."

"ఏటి సేస్తన్నావు? సేతులు ఒళ్లో పెట్టుకుని కూకున్నావు. నవ్వుతున్నావు. అదిగో, తలూపినావు."

నేను లేచి నిలబడి రెండు చేతులూ తలమీదికెత్తి, మునిగిపోతున్నదానిలా ఊపుతున్నాను.

ఫోన్లు రెండూ పక్కన పడేసి కూలబడ్డాను. గొంతు లేదు కాబట్టి మా అమ్మ వింటోందని ఆ పెట్టె అనుకుంది. పిన్ని కూడా వింటోందని అనుకుంది. ఇద్దరూ చేతులు పడిపోయేలా మాట్లాడుతుంటే, ఇద్దరికీ ఎదుట ఒక మౌనం మనిషిని గీసి చూపించింది. ఊపకూడని చోట తల ఊపింది. అలా ఊపమని పెట్టెకి చెప్పింది నా సున్నా. ఆ చేతుల కింద పెరిగినదాన్ని, ఆ మాటలు వచ్చినదాన్ని, మాట లేదని నా చేత్తో నేనే రాశాను. సిగ్గుతో ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే హయగ్రీవ గారి గదిలో ఉన్నాను. ఆయన అంతా విన్నారు, రెండుసార్లు కాల్ పెట్టించి చూశారు. ముఖం పాలిపోయింది.

"ఫారంలో సున్నా ఉందండి," అన్నారు మెల్లగా.

"ఉంది. ఆ సున్నా నాదే. ఇప్పుడు చేతులు కూడా పట్టుకునేలా పెట్టెని మార్చండి."

"ఏడాది పడుతుంది. ముఖం చేసే పనులు కొన్నే, అవి ముందే ఊహించవచ్చు. చేతులు తరవాతి క్షణంలో ఏం చేస్తాయో యంత్రానికి తెలియదు."

"తెలియదు కాబట్టే అది మాట సార్. ముందే తెలిసిపోయేదైతే ఇంక చెప్పుకోవడమెందుకు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. శుక్రవారం డేటా కోటా తేల్చే కమిటీ వస్తోంది. రెండు వందల పన్నెండు ఇళ్లలో ఏ ఇంటికీ కాల్స్‌కి నెలకి రెండు జీబీ దాటదని నేను సంతకం పెడితే జిల్లా అంతటా పెట్టెలు పెడతారు, అసలు వీడియో లైను మూసేస్తారు. ఒక్క ఇల్లు దాటినా ఫైలు వెనక్కి పోతుంది. ఆసుపత్రులు అడుగుతున్నాయి, బడులు అడుగుతున్నాయి. ఇదంతా ఆయన నాకు చెప్పనక్కర్లేదు, నాకే తెలుసు.

"పంతొమ్మిది ఇళ్లండి. పెద్దవాళ్ల సైగలు. ఏడాదిపాటు ఉత్తరం రాయించుకుని..." అంటూ ఆగారు.

"మా అమ్మది వేలిముద్ర సార్. ఆవిడ ఏడాది తరవాత మాట్లాడాలంటే ఏడాది బతకాలి. అటు పిన్నికి ఇప్పుడు ఒక్క కన్నే సరిగా కనబడుతోంది. అది కూడా మసకబారితే ఆవిడకి ఇంక చేతులు చూపించినా ఒకటే, చూపించకపోయినా ఒకటే. సైగలంటున్నారు కాబట్టి ఒక పని చెయ్యండి. శుక్రవారం కమిటీ ఎదుటే పరీక్ష పెట్టండి. అవి సైగలే అని తేలితే మీరడిగిన సంతకం పెడతాను."

"పెడదాం," అన్నారు ఆయన. తన పెట్టె ఓడిపోయే పరీక్షకి తనే ఒప్పుకున్నారు. అందరూ ఒప్పుకోరు.

సాయంత్రం అమ్మకి చేతులతో అంతా చెప్పాను. నా సున్నా సంగతి కూడా దాచలేదు. నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. మంచం మీద లేచి కూర్చుని ఒక్కటే అడిగింది.

"నేను ఊపలేదని దానికెవులు సెప్తారు?"

అటు పిన్ని ఏ కాల్‌కీ రానంటోంది. యంత్రం ఊపిందంటే నమ్మలేదు. అది సాకు అంది. వరహాలమ్మ రెండు రోజులు బతిమాలింది. చివరికి, తిట్టడానికైతే వస్తానని పిన్ని ఒప్పుకుంది.

శుక్రవారం పదకొండు గంటలకి ప్రయోగశాలలో కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు పొట్టిగా, చురుగ్గా ఉన్న ఒక అధికారి. మా అమ్మ నేత చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, నిటారుగా వచ్చి కూర్చుంది. చుట్టూ ఉన్న యంత్రాల్ని ఒక చూపు చూసి, మా షెడ్డులో సగం లేదని నాతో చేత్తో అంది. నేను నవ్వు ఆపుకున్నాను.

పరీక్ష ఇది. అధ్యక్షురాలు ఒక వాక్యం కాగితం మీద రాస్తారు. అది నేను అమ్మకి చేతులతో చెబుతాను. అమ్మ తెరమీద ఎర్నమ్మ పిన్నికి చెబుతుంది. పిన్ని తన కూతురికి నోటితో చెబుతుంది. వరహాలమ్మ మామూలు ఫోన్‌లో ఇక్కడికి వినిపిస్తుంది.

మొదట పోలిక పెట్టె మీద. అమ్మ చేతులు ఆడించింది. తెరమీద పిన్ని ఒళ్లో చేతులు పెట్టుకుని చిరునవ్వుతో తల ఊపింది. ఫోన్‌లో వరహాలమ్మ గొంతు వచ్చింది. "ఏటీ సెప్పట్లేదండి మీ సన్యాసమ్మ గారు. నవ్వుతున్నారు. మా అమ్మ లేచెల్లిపోతానంటంది."

"వెళ్లొద్దని చెప్పమ్మా," అన్నారు హయగ్రీవ గారు. ఆయనే లేచి వెళ్లి పెట్టె తీగ పీకి, అసలు లైను కలిపారు.

తెర ఒక్క క్షణం నల్లబడింది. వెలిగేసరికి అందులో ఉన్నది వేరే మనిషి. చింపిరి జుట్టు, ఒక కంటికి నల్లద్దం, ముఖం కోపంతో ఎర్రగా ఉంది. రెండు చేతులూ గాలిలో కోస్తున్నట్టు తిరుగుతున్నాయి. కమిటీలో ఒకాయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. పిన్ని మా అమ్మని తిడుతోంది. ఇరవై రెండేళ్లు ఎదురుగా నిలబడ్డదాన్ని ఆసుపత్రి గుమ్మంలో కూర్చోబెట్టావని. ఆ తిట్లలో ఎక్కడా ముక్కు తాకలేదు. మా అమ్మ పేరు కూడా పలకలేదన్నమాట.

అమ్మ చేతులు కదిపింది. కమిటీ రాసిన వాక్యం కాదు. నేను ఊపలేదు. నాకు నువ్వు పిలిచినట్టే కనబడలేదు. నువ్వు పిలిస్తే నేను నడిచైనా వద్దును. రోజూ ఆపరేషన్ ఎప్పుడని అడిగాను, నీకు కనబడిందా?

పిన్ని చేతులు ఆగిపోయాయి. కనబడలేదంది. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. తరవాత పిన్ని చెయ్యెత్తి ముక్కు పక్కన మెల్లగా తాకింది. నాకు కళ్లు నిండిపోయి తెర కనబడలేదు.

"అమ్మా, వాక్యం," అని గుర్తుచేశారు అధ్యక్షురాలు.

అమ్మ చెప్పింది. నాలుగు క్షణాలు కూడా పట్టలేదు. ఫోన్‌లో వరహాలమ్మ, "ఈ సమావేశం మూడు గంటలకి ముగుస్తుంది, తరవాత అందరూ రుషికొండ నుంచి బస్సులో వెళ్లాలి. ఇదేనాండి?" అంది.

అధ్యక్షురాలు తను రాసిన కాగితం చూసుకున్నారు. ఒక్క ముక్క పోలేదు.

"మా అమ్మ ఇంకోటి అడుగుతంది," అంది వరహాలమ్మ. "మూడింటి దాకా కూకోబెడితే, మజ్జానం సన్యాసికి అన్నం ఎవులు పెడతారంట?"

గదిలో అందరూ నవ్వారు. అధ్యక్షురాలు నవ్వలేదు. లేచి నిలబడి మా అమ్మకి రెండు చేతులూ జోడించారు. "ఇవి సైగలు కావు," అన్నారు.

తరవాత నా ఎదుట ఫారం పెట్టారు. నూట తొంభై మూడు ఇళ్ల వరుస నా పాత అంచనాలే, వాటికి సంతకం పెట్టాను. మిల్లు కాలనీ పంతొమ్మిది ఇళ్ల దగ్గర సున్నాలన్నీ కొట్టేసి, పక్కన 'తప్పు నాది' అని రాశాను. ఫైలు వెనక్కి పోతుందని నాకు తెలుసు. మూడు నెలలో ఆరు నెలలో ఆలస్యమవుతుంది, డేటా కోసం ఎదురుచూస్తున్నవాళ్లు నన్ను తిడతారు. ఆ తిట్లు నావే, పడతాను. హయగ్రీవ గారు పక్కనే నిలబడి ఆ కొట్టివేతలు చూశారు. వెళ్లి, అమ్మకి భోజనం తెప్పించమని ఎవరికో చెప్పి వచ్చారు.

"పంతొమ్మిది ఇళ్లకీ అసలు లైను ఉంచాలంటే గడిలో అంకె కావాలండి," అన్నారు అధ్యక్షురాలు. "నెలకి ఎంత?"

పద్దెనిమిది ఇళ్లకి లెక్క కట్టి వేశాను. చివరిది అమ్మ ఇల్లు. తల తిప్పి చూశాను. భోజనం వచ్చింది, విస్తరి అమ్మ పక్కన పెట్టారు, ఆవిడ చూడనే లేదు. నెల రోజుల బాకీ మాటలన్నీ ఇద్దరి చేతుల్లోంచీ ఒకేసారి బయటికొస్తున్నాయి. మీటరు ఎప్పుడో గంటకి కట్టిన అంచనా దాటేసింది, ఇంకా పరుగెడుతూనే ఉంది. అంత డేటా తినే ఇల్లు ఈ జిల్లాలో ఇంకోటి లేదు. అది మా అమ్మ ఇల్లు.

"ఎంత రాసుకోమంటారు?" అని మళ్లీ అడిగారు.

"నాకు తెలియదండి," అన్నాను. ఈ ఉద్యోగంలో ఆ మాట అనడం అదే మొదటిసారి. అంటుంటే నా తల ఎత్తుకునే ఉంది. కలం తీసుకుని సన్యాసమ్మ అన్న పేరు ఎదుట అంకె వెయ్యకుండా, వాళ్లు ఎంత మాట్లాడుకుంటే అంత అని రాసి సంతకం పెట్టాను.